తలుపు తట్టే కణుపులు: బేస్‌బాల్ బ్యాట్ పట్టుపై నా సమీక్ష

మా విజయనగరంలో బేస్‌బాల్‌కి వచ్చే చేతులన్నీ దాదాపు క్రికెట్ బ్యాట్ పట్టినవే. 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టుకి కెప్టెన్‌గా విజ్జీని (విజయనగరం మహారాజకుమార్‌ని) పంపిన ఊరు మరి, ఆ అలవాటు అంత బేగి పోదు. ఏళ్లుగా నేను వాడుతున్నది వేళ్ల పట్టు. నాది కుడిచేతి వాటం కాబట్టి ఎడమ చెయ్యి కింద నాబ్ (బ్యాట్ అడుగున ఉండే గుబ్బ) దగ్గర, కుడిచెయ్యి దాన్ని ఆనుకుని పైన. హ్యాండిల్ వేళ్ల మొదళ్లలో కూర్చోవాలి, బొటనవేలి సందులోకి దిగకూడదు. గొడ్డలి పట్టినట్టు అరచేతినిండా పడితే బలంగానే అనిపిస్తుంది గానీ, మణికట్టు తిరగక బ్యాట్ ఆలస్యంగా వస్తుంది.

తలుపు తట్టేటప్పుడు తగిలే కణుపులు రెండు చేతులవీ ఒకే వరసలో ఉండాలంటారు. మంచి కొలతే, శాసనం మాత్రం కాదు. అచ్చంగా వరస కలిపితే నా మోచేతులు ఒంటికి అతుక్కుపోతాయి. పైచేతిని కాస్త తిప్పి, దాని నడిమి కణుపులు కిందిచేతి నడిమి కణుపులకీ వేళ్ల మొదట్లోని కణుపులకీ మధ్యకి వచ్చేలా పెట్టుకున్నాక హాయిగా ఉంది. బ్యాట్ గుండ్రం కాబట్టి ఈ సర్దుబాటుకి అడ్డేమీ లేదు. చెక్క బ్యాటైతే మాత్రం కంపెనీ ముద్ర మీద బంతి తగలకుండా చూసుకోవాలి.

బిగింపు సంగతి వేరే చెప్పాలి. కొండవెలగాడ వైపు బరువులెత్తే గుంటలకి బార్ జారకుండా బిగించడమే విద్య. ఇక్కడ అదే పని చేస్తే బిగువు భుజందాకా పాకుతుంది. బంతి వచ్చేదాకా వదులుగా ఉంచితే చాలు, కొట్టేటప్పుడు చేతులు వాటంతటవే బిగుస్తాయి.

లోపాలూ ఉన్నాయి. ఒంటి దగ్గరికొచ్చిన బంతి హ్యాండిల్‌కి తగిలితే అల్యూమినియం బ్యాట్ వేళ్లని జివ్వుమనిపిస్తుంది, చలికాలం పొద్దున్నయితే మరీను. చిటికెనవేలు నాబ్ కిందకి జార్చి పట్టడం నాకు నచ్చదు. అరచేతి మడమకి నాబ్ ఒత్తుకుని అక్కడి చిన్న ఎముక విరగడం బ్యాటర్లలో తెలిసిన గాయమే.

మన తీరం ఉక్కకి చెమట అసలు శత్రువు. అమెరికా మేజర్ లీగ్‌లో నాబ్ నుంచి 18 అంగుళాలదాకా పైన్ టార్ (పట్టు జారకుండా పూసే జిగట తారు) పూయనిస్తారు. మనకి టెన్నిస్ రాకెట్ గ్రిప్ టేపు చాలు, పల్చగా ఒకే వరస. మందంగా చుడితే హ్యాండిల్ లావై మళ్లీ అరచేతిలోకే పోతుంది. చిన్న చేతులవాళ్లు టేపు జోలికి పోకుండా, ముందు ఒక అంగుళం పైకి పట్టి చూడండి.