నిమ్మరసమా, పీహెచ్ డౌన్ సీసానా, వాన నీళ్లా? ఇంటి మొక్కల డబ్బాకి ఏది మేలు

"అక్కా, నిమ్మకాయ పిండితే చాలదా? అంత డబ్బు పోసి ఆ పీహెచ్ డౌన్ సీసా కొనాలా?" ఈ మాట ఈ ఏడాది నన్ను ఎంతమంది అడిగారో లెక్క లేదు. మా వీధిలో సగం ఇళ్లలో కిటికీ పక్కన ఎరువు కలిపిన నీళ్లతో ఇరవై లీటర్ల డబ్బా ఒకటి ఉంటుంది. మూతకి చిల్లులు, చిల్లుల్లో పుదీనా, మనీప్లాంట్, పీస్ లిల్లీ. మట్టి లేదు, బురద లేదు, నాలుగు రోజులు ఊరెళ్లినా బెంగ లేదు. రెండు నెలలు అంతా బాగానే ఉంటుంది. మూడో నెలలో కొత్త ఆకులు పసుపుపచ్చగా వస్తాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉంటాయి. అప్పుడు మొదలవుతుంది పీహెచ్ టెన్షన్.

పీహెచ్ అంటే నీళ్లు ఎంత పుల్లగా ఉన్నాయో చెప్పే అంకె, పులుపు తగ్గేకొద్దీ అంకె పెరుగుతుంది. అది బాగా పైకెక్కితే వేరుకి ఇనుము సరిగా అందదు, ఆకు పాలిపోతుంది. డబ్బా నీళ్లలో అది 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలని అందరికీ తెలుసు. అక్కడికి దించడం కష్టం కాదు, అక్కడ నిలబెట్టడమే కష్టం. ఆ తేడా నాకు ఒక పుదీనా డబ్బా పాడయ్యాక గాని తెలియలేదు.

మాది రాజురా. 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండి తర్వాత మహారాష్ట్రలోకి వచ్చిన తాలూకా, అందుకే ఇక్కడ ఇప్పటికీ వీధికో తెలుగు మాట వినపడుతుంది. పక్కనే గడ్‌చాందూర్ వైపు వెళ్తే వరసగా సిమెంటు ఫ్యాక్టరీలు. సిమెంటు ఫ్యాక్టరీ ఉందంటే కింద సున్నపురాయి ఉన్నట్టే. మా బోరు నీళ్ల రుచి చూస్తే ఆ సంగతి నాలుకకే తెలుస్తుంది. రుచి చూడనక్కర్లేదు, జూన్‌లో కూలర్ విప్పి చూడండి. గడ్డి ప్యాడ్ మీద సున్నం కొట్టినట్టు తెల్లటి పెచ్చు. కుళాయి మూతికీ అదే, గీజర్ కడ్డీకీ అదే. ఇలాంటి నీళ్లు ఉన్నవాళ్ల కోసమే ఇదంతా చెబుతున్నాను.

పోయిన ఏడాది నేను కూడా నిమ్మరసంతోనే మొదలుపెట్టాను. రోజూ సాయంత్రం కాస్త పిండడం, కలపడం, పీహెచ్ పెన్ను ముంచడం. 6.1 చూపించేది. హాయిగా పడుకునేదాన్ని. మొక్క మాత్రం పాలిపోతూనే ఉంది. ఒకరోజు ఎందుకో పొద్దున్నే, కాఫీ పెట్టకముందే పెన్ను ముంచాను. 7.7. పెన్ను పాడైందనుకుని మళ్లీ ముంచాను. 7.7 అలాగే ఉంది. అంటే ఇన్నాళ్లూ నిమ్మరసం పోసిన పది నిమిషాలకి కొలిచి మురిసిపోయాను, మిగతా రోజంతా వేర్లు ఎక్కడ ఉన్నాయో చూడనే లేదు. మూడు వారాలయ్యాక మూత ఎత్తితే వేర్లకి గోధుమరంగు జిగురు, పాచిపోయిన వాసన. నిమ్మరసంలోని సిట్రిక్ యాసిడ్, కాస్తో కూస్తో ఉన్న చక్కెర, రెండూ నీళ్లలోని సూక్ష్మజీవులకి విందు భోజనం. అవి తినేశాక పులుపు పోతుంది, పీహెచ్ మళ్లీ పైకెక్కుతుంది, డబ్బాలో జిగురు మిగులుతుంది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పుదీ అదే కథ, వెనిగర్‌దీ అదే కథ. చింతపండు రసం పోయొచ్చా అని కూడా ఒకావిడ అడిగింది. చారు పెట్టుకోమన్నాను.

ఆ తర్వాత నేను అక్వేరియం షాపులో చేపల తొట్టి నీళ్లు పరీక్షించే కేహెచ్ (కార్బొనేట్ కాఠిన్యం) చుక్కల కిట్ కొన్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను పెట్టిన డబ్బుల్లో బాగా ఉపయోగపడింది ఇదే. చిన్న గాజు గొట్టంలో ఐదు మిల్లీలీటర్ల నీళ్లు పోసి, ఒక్కో చుక్కా వేస్తూ ఊపాలి. నీలం రంగు పసుపుగా మారేదాకా ఎన్ని చుక్కలు పడ్డాయో అదే లెక్క. మా బోరు నీళ్లకి పది వేశాను, నీలమే. పదమూడు, నీలమే. మా అమ్మాయి పక్కన నిలబడి గట్టిగా లెక్కపెడుతోంది. పదిహేడో చుక్కకి పసుపు తిరిగింది. ఒక చుక్క అంటే లీటరుకి దాదాపు 18 మిల్లీగ్రాముల క్షారత, అంటే పులుపుని మింగేసే గుణం. పదిహేడంటే 300 దాటింది. తాగడానికి ఇది పెద్ద ఇబ్బంది కాదు, మన తాగునీటి ప్రమాణాల్లో 200 దాకా మంచిదే, వేరే దారి లేకపోతే 600 దాకా సర్దుకోమంటారు. డబ్బాలో పెంచే మొక్కకి మాత్రం 50 నుంచి 100 లోపు ఉండాలి.

నా దృష్టిలో ఏది కొనాలో తేల్చేది పీహెచ్ కాదు, ఈ చుక్కల లెక్కే. పీహెచ్ ఈ నిమిషంలో నీళ్లు ఎంత పుల్లగా ఉన్నాయో చెబుతుంది. క్షారత ఆ నీళ్లు ఎంత పులుపుని మింగేస్తాయో చెబుతుంది. వేరువేరు నీళ్లున్న రెండు బకెట్లలోనూ పెన్ను 7.5 చూపించవచ్చు. ఒకదానికి నాలుగు చుక్కల యాసిడ్ చాలు, రెండోది చెంచా పోసినా తెల్లారేసరికి యథాస్థితికి వస్తుంది. నీళ్లలో కరిగి ఉన్న బైకార్బొనేట్ చేసే పని అది. పైగా బోరులోంచి అప్పుడే తోడిన నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది, అది గాల్లోకి పోయేకొద్దీ పీహెచ్ దానంతట అదే పెరుగుతుంది. మా నీళ్లు తోడగానే 7.3, బకెట్‌లో రాత్రంతా ఉంచితే 8.2. డబ్బాలో గాలి పంపు పెట్టినవాళ్లకి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. మొక్క నైట్రేట్ పీల్చుకున్నప్పుడల్లా వేరు దగ్గర ఇంకాస్త క్షారం చేరుతుంది. అన్నీ పైకి తోసేవే.

ఇక్కడో మాట. ఆర్వో మెకానిక్ దగ్గరుండే టీడీఎస్ పెన్నుతో ఈ సంగతి తెలియదు. అది మొత్తం లవణాలు చెబుతుంది గాని అందులో బైకార్బొనేట్ ఎంతో చెప్పదు.

ఇప్పుడు సీసా సంగతి. పీహెచ్ డౌన్ పేరుతో వచ్చేవాటిలో ఎక్కువగా ఉండేది ఫాస్ఫారిక్ యాసిడ్. నిమ్మరసంలా కుళ్లదు, పాచి పట్టదు, కొంచెంతోనే పని అవుతుంది. మంచి సరుకే, కాదనను. కాని మా నీళ్లతో లెక్క వేసి చూడండి. ఇరవై లీటర్ల బోరు నీళ్లలో క్షారతని 300 నుంచి 50కి దించాలంటే 85 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ దాదాపు ఏడు మిల్లీలీటర్లు కావాలి. సీసాలో ఉండేది చాలాసార్లు అంతకంటే పలచన కాబట్టి ఇంకా ఎక్కువే పడుతుంది. ఆ ఏడు మిల్లీలీటర్లతో లీటరుకి 150 మిల్లీగ్రాములకి పైగా భాస్వరం చేరుతుంది. మామూలుగా మొక్కలకి పెట్టే ఎరువు నీళ్లలో ఉండాల్సింది 30 నుంచి 50. ఎరువులో ఉన్న భాస్వరం దీనికి అదనం. మిగిలిన కాల్షియంతో కలిసి అది తెల్లటి మడ్డిగా అడుగున దిగుతుంది, ఇనుమునీ వేరుకి సరిగా అందనివ్వదు. ఆకు పసుపెక్కిందని మందు పోస్తే ఆ మందే మళ్లీ ఆకుని పసుపెక్కిస్తుంది. సీసాది తప్పు కాదు, దాని మీద వేసిన బరువు ఎక్కువ.

కాబట్టి పులుపు పెంచడం కంటే ముందు క్షారత తగ్గించాలి. అది తక్కువ ఉన్న నీళ్లు కలపడం కంటే తేలిక దారి నాకు కనపడలేదు. ఆర్వో నీళ్లు లేదా వాన నీళ్లు.

ఆర్వోతో మంచి ఫలితం వస్తుంది, అనుమానం లేదు. ఇంట్లో ఎలాగూ ఉంది, పట్టుకుని పోయడమే. నాకున్న అభ్యంతరం ఒకటే. లీటరు మంచి నీళ్లకి రెండు మూడు లీటర్లు పైపులోంచి బయటికి పోతాయి. మే నెలలో మా బోరు మధ్యాహ్నానికి దగ్గడం మొదలుపెడుతుంది, అప్పుడు పీస్ లిల్లీ కోసం యాభై లీటర్లు వదలాలంటే చెయ్యి రాదు. ఆ వదిలిన నీళ్లు కుండీల్లో పోసేవాళ్లని చూస్తుంటాను. పారబోయడం ఎందుకన్న ఆలోచన మంచిదే, కాని ఫిల్టర్ వద్దనుకున్న సున్నమంతా చిక్కబడి ఉండేది అందులోనే. నేల కడగండి, బాత్రూంలో పోయండి, డబ్బాలో మాత్రం పోయొద్దు.

నేను వాన నీళ్ల మనిషిని. ఏటా జులై వచ్చేసరికి రెండు వందల లీటర్ల నీలం డ్రమ్ములు రెండు కడిగి పెడతాను. మొదటి రెండు వానలు పట్టను. మాది బొగ్గు గనుల ప్రాంతం, వేసవంతా పేరుకున్న దుమ్ము ఆ వానల్లో డాబా మీంచి నల్లగా దిగుతుంది. ఆ తర్వాత డాబా గొట్టం మూతికి పాత నూలు చీర రెండు మడతలు కట్టి పట్టుకుంటాను. కొత్త జింకు రేకుల మీంచి, ఆస్బెస్టాస్ రేకుల మీంచి పట్టిన నీళ్లు వద్దు. డ్రమ్ము మూత బిగించాలి, వెలుతురు పడితే నాచు, సందు ఉంటే దోమ. వాన నీళ్లకి కేహెచ్ చుక్క ఒక్కటి వేయగానే పసుపు. అది చూసిన రోజు నాకు బంగారం దొరికినంత సంబరం.

నాలుగు లీటర్ల బోరు నీళ్లు, పదహారు లీటర్ల వాన నీళ్లు. కలిపి కొలిస్తే నాలుగు చుక్కలు. ఇప్పుడు పీహెచ్ డౌన్ పని సులువు. 85 శాతం యాసిడ్ లెక్కలో ఒక మిల్లీలీటరు చాలు, దాంతో చేరే భాస్వరం లీటరుకి 25 మిల్లీగ్రాములకి అటూ ఇటూ, మొక్క వాడుకునేంతే. సాయంత్రం 6.0, పొద్దున 6.2, మూడో రోజు 6.4. ఆ మాత్రం నడక మంచిదే. బోరు నీళ్లు మొత్తానికి మానేయొద్దు, మొక్కకి కావలసిన కాల్షియం, మెగ్నీషియం వాటిలోనే ఉన్నాయి. ఉత్త ఆర్వో నీళ్లో ఉత్త వాన నీళ్లో పోస్తే పీహెచ్‌ని నిలబెట్టే పట్టు ఉండదు, అమ్మోనియం ఎక్కువున్న ఎరువు పడితే పీహెచ్ ఒక్కసారిగా కిందికి జారిపోతుంది.

వారం మధ్యలో మట్టం తగ్గితే నింపేది కూడా వాన నీళ్లతోనే. మొక్క నీళ్లు తాగి లవణాలు వదిలేస్తుంది, పైనుంచి బోరు నీళ్లు పోస్తే సున్నం పోగవుతూ వస్తుంది. రెండు వారాలకోసారి మొత్తం మార్చేస్తాను. ఇలా వాడితే రెండు డ్రమ్ములు అక్టోబరు నుంచి మే దాకా వచ్చాయి. చివరి మూడు నాలుగు వారాలు ఆర్వోకి చెయ్యి చాచక తప్పలేదు.

మిగతావి రెండు ముక్కల్లో. ఏసీ నీళ్లు మెత్తటివే, కాని మా ఎండాకాలపు పొడి గాలికి కావలసినప్పుడు చుక్క రాలదు, వానాకాలంలో అక్కర్లేనప్పుడు కారుతుంది. మరగబెట్టి చల్లార్చితే సున్నం కొంత గిన్నెకి అంటుకుని క్షారత తగ్గుతుంది, గ్యాస్ బండ ఎవరు కొనిస్తారు? బాత్రూం సాఫ్ట్‌నర్ నీళ్లు వద్దే వద్దు, అది కాల్షియం తీసి సోడియం పెడుతుంది, క్షారత అలాగే ఉంటుంది. బ్యాటరీ యాసిడ్ సలహా ఇచ్చిన మహానుభావులూ ఉన్నారు. పిల్లలు తిరిగే ఇంట్లో ఆ సీసా ఎందుకండీ. ఏ యాసిడ్ అయినా నీళ్లలో యాసిడ్ పోయాలి గాని యాసిడ్‌లో నీళ్లు పోయకూడదు. పాత మంచినీళ్ల సీసాలో దాచడం అంతకన్నా తప్పు.

వాన నీళ్లు పట్టే వీలు లేని అద్దె ఇంటివాళ్లకి ఇంకో దారి ఉంది. పీహెచ్‌తో కుస్తీ మానేసి ఇనుమునే మార్చడం. ఎరువుల్లో మామూలుగా ఉండే ఈడీటీఏ రకం ఇనుము పీహెచ్ 6.5 దాటితే చేతులెత్తేస్తుంది. ఈడీడీహెచ్ఏ రకం ఇనుము, ఎర్రటి పొడి, పీహెచ్ ఎనిమిదిలో కూడా పనిచేస్తుంది. కృషి కేంద్రాల్లో అడిగి చూడండి. ఖరీదు ఎక్కువే, చిటికెడు చాలు. జబ్బు పోదు గాని ఆకు పచ్చబడుతుంది.

పెన్ను గురించి ఒక్క మాట. పొట్లాల్లో వచ్చే 6.86, 4.01 పొడులు డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి నెలకోసారైనా సరిచూడకపోతే ఆ అంకెకి అర్థం లేదు. ముక్కు ఎండనివ్వకూడదు. ఇంత ఓపిక లేనివాళ్లు పీహెచ్ చూపించే రంగు చుక్కలతో కానిచ్చేయొచ్చు, మనకి కావలసింది రెండో దశాంశం కాదు. ఎప్పుడు కొలిచినా యాసిడ్ పోసిన మర్నాడు పొద్దున కొలవండి.

ఆగస్టులో బల్లార్‌పూర్ వెళ్లినప్పుడు కిట్ సంచిలో వేసుకెళ్లాను. మా ఆడపడుచు ఇంట్లో నల్లా నీళ్లు. ఐదో చుక్కకే పసుపు తిరిగింది. వదినా, నేనూ డ్రమ్ములు కొనాలా అంది. ఆమెకి వాన నీళ్లతో పనే లేదు, సీసా కొనుక్కుంటే చాలన్నాను. మేలో మాత్రం మళ్లీ ఓసారి చుక్కలు లెక్కపెట్టమని కిట్ అక్కడే వదిలేసి వచ్చాను.