క్యాన్సర్‌కు కీమోనా, టార్గెటెడ్ మాత్రలా: ఏది మేలు?

"కీమో వద్దు సార్, ఇప్పుడు మాత్రలొచ్చినాయంట గదా, అవే రాయండి." తిరుపతి ఆసుపత్రుల్లో, చిత్తూరు నుంచి రాయవేలూరుకు పోయే బస్సుల్లో ఈ మాట వినబడుతూనే ఉంటుంది. అందులో సగం నిజముంది. మిగతా సగం తెలియాలంటే కణం రెండుగా చీలే తీరు, అంటే కణవిభజన, చూడాలి.

కణం తనంతట తాను రెండు కాదు. పెరగమని బయటి నుంచి సంకేతం అందాలి. డీఎన్‌ఏ నకలు సరిగ్గా వచ్చిందో లేదో లోపలి ప్రోటీన్లు ఆపి చూస్తాయి, అలిపిరిలో బండి ఆపి సామాన్లు చూశాకే కొండకు వదిలినట్టు. పి53 అలాంటి ప్రోటీన్. డీఎన్‌ఏ దెబ్బతింటే విభజనను నిలిపేస్తుంది, బాగుపడదనుకుంటే ఆ కణాన్ని చంపేస్తుంది. మనుషులకొచ్చే క్యాన్సర్లలో దాదాపు సగంలో చెడేది ఈ పి53 జన్యువే. విభజనను నడిపించే సైక్లిన్లు, సీడీకేలు అనే ప్రోటీన్ల గుట్టు విప్పిన శాస్త్రవేత్తలు లీలాండ్ హార్ట్‌వెల్, టిమ్ హంట్, పాల్ నర్స్‌లకు 2001లో నోబెల్ వచ్చింది.

కీమో విభజన అనే పనినే దెబ్బతీస్తుంది. విన్‌క్రిస్టిన్‌నే చూడండి. మన పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరు నుంచి వచ్చిన మందు ఇది. క్రోమోజోములను చెరోవైపు లాగే పోగులు ఏర్పడనివ్వదు. (అలాగని ఆ ఆకుల కషాయం తాగకండి, అది విషం.) ఇబ్బందేమిటంటే, జుట్టు కుదుళ్ళు, నోటి పొర, ఎముకల మూలుగ కూడా వేగంగా విభజన చెందేవే. అందుకే జుట్టు రాలడం, నోటిపూత, తెల్లకణాలు తగ్గడం. తిరుపతిలో గుండు ఎవరికీ వింత కాదు, కానీ మొక్కుకోకుండా పోయిన జుట్టు మనసును కుంగదీస్తుంది. చికిత్స అయ్యాక చాలామందికి మళ్ళీ వస్తుంది.

టార్గెటెడ్ మందు చెడిపోయిన ఆదేశాన్ని పట్టుకుంటుంది. క్రానిక్ మైలాయిడ్ ల్యూకేమియా అనే రక్తక్యాన్సర్‌లో 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారై బీసీఆర్-ఏబీఎల్ ప్రోటీన్ పుడుతుంది. 'విభజించు' అన్న సంకేతాన్ని అది ఆపకుండా పంపుతుంటుంది. 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ మాత్ర దాని నోరు నొక్కేస్తుంది. ఈ జబ్బుకు మాత్రే మేలని నేను తడుముకోకుండా చెబుతాను. 2013లో సుప్రీంకోర్టు దీని పేటెంటును నిరాకరించడంతో వేరే కంపెనీలు చవకగా చేసే జెనరిక్‌లకు దారి తెరిచే ఉంది. మన జిల్లాల రైతు కుటుంబాలకు ఆ తీర్పు ఎంత మేలు చేసిందో మాటల్లో చెప్పలేను.

అదే మాత్ర మరో క్యాన్సర్‌కు పనిచేస్తుందా? లోపల ఆ తప్పు లేకపోతే చాలావరకు వృథాయే. పిల్లలకు వచ్చే మరో రక్తక్యాన్సర్ లింఫోబ్లాస్టిక్ ల్యూకేమియాలో ఇప్పటికీ ప్రధానం విన్‌క్రిస్టిన్‌తో కూడిన కీమోనే. దానితోనే ఎక్కువమంది పిల్లలు కోలుకుంటున్నారు. రొమ్ము క్యాన్సర్ హార్మోన్ల సంకేతంతో పెరిగే హార్మోన్ రిసెప్టార్ రకమైతే, అదీ ఇతర అవయవాలకు పాకితే, హార్మోన్ మాత్రలతో పాటు సీడీకే 4, 6లను ఆపే పాల్బోసిక్లిబ్ వంటివి ఇస్తారు. హార్మోన్ రిసెప్టార్లు, హెర్2 ప్రోటీన్ ఏవీ లేని ట్రిపుల్ నెగెటివ్ రకానికి అవి పనికిరావు. అక్కడ కీమోను భయంతో వాయిదా వేస్తే నష్టమే. కాబట్టి డాక్టరును ముందు అడగాల్సింది బయాప్సీలో (గడ్డ ముక్క తీసి చేసే పరీక్షలో) ఏ రకమని తేలింది, ఇంకా ఏ జన్యు పరీక్ష చేయాలి అని.

మాత్రకు ఇంకో చిక్కుంది. కీమో నర్సు చేతిలో ఉంటుంది, మాత్ర మన చేతిలో. ఒళ్ళు తేలికైందని ఇమాటినిబ్ సొంతంగా మానేస్తే బీసీఆర్-ఏబీఎల్ మళ్ళీ పెరగొచ్చు. రక్తపరీక్షలో అది కనబడేసరికి కూడా మనిషికి ఏ నలతా తెలియకపోవచ్చు.