విండోస్‌లోని రిలయబిలిటీ మానిటరూ, దాని ఇరుగుపొరుగూ

అనువాదాల పనికి నేను వాడే డెస్క్‌టాప్ కంప్యూటరు నిరుడు వేసవిలో పని మధ్యలో ఉన్నట్టుండి ఆరిపోయి, మళ్ళీ దానంతట అదే మొదలవడం అలవాటు చేసుకుంది. చూడటానికి వచ్చిన మెకానిక్ పది నిమిషాలు గడవకముందే "ఫార్మాట్ కొట్టేద్దామండీ, అంతా సర్దుకుంటుంది" అన్నాడు. ఫాంట్లు, నిఘంటువులు, కీబోర్డు అమరికలు అన్నీ మొదటినుంచి పెట్టుకోవడానికి నాకు రెండు రోజులు పడుతుంది కనుక, ఆ మాటకు తలూపేముందు విండోస్ తనతోపాటు ఇచ్చే సాధనాలు ఏమంటాయో చూద్దామనుకున్నాను. అప్పటినుంచి వాటిని విండోస్ 10 ఉన్న ఆ డెస్క్‌టాప్ మీదా, విండోస్ 11 ఉన్న ఒక ల్యాప్‌టాప్ మీదా వాడుతున్నాను.

వీటన్నిటిలోకీ మేలైనది రిలయబిలిటీ మానిటర్. 2007లో విండోస్ విస్టాతో వచ్చిన ఈ సాధనం ఇప్పటికీ ఉంది గానీ, చెప్పేవాళ్ళు లేకపోతే ఉందని తెలిసే అవకాశం తక్కువ. స్టార్ట్ మెనూలో రిలయబిలిటీ అన్న ఇంగ్లీషు మాటను టైపు చేస్తే "వ్యూ రిలయబిలిటీ హిస్టరీ" అన్న పేరుతో కనబడుతుంది. తెరిచాక రోజుకొక నిలువు గడి చొప్పున ఒక పట్టిక, దానిమీద 1 నుంచి 10 వరకు ఉన్న కొలతపై ఎక్కుతూ దిగుతూ పోయే నీలపు గీత ఉంటాయి. ఏదైనా ప్రోగ్రామ్ కుప్పకూలిన రోజున, యంత్రం సక్రమంగా ఆగని రోజున ఆ గడిలో ఎర్రని గుర్తు పడి గీత కిందికి జారుతుంది, ఏ గొడవా లేని రోజులు వరసగా గడిచేకొద్దీ మెల్లగా పైకి లేస్తుంది. ఇంటి ఖర్చుల డైరీ చదివినంత తేలికగా యంత్రం ఆరోగ్యాన్ని చదువుకోవచ్చు. ఒక ప్రోగ్రామ్‌ను పెట్టుకున్న మర్నాటినుంచే ఎర్ర గుర్తులు మొదలైతే అనుమానం ఎవరిమీద పడాలో వేరే చెప్పనక్కరలేదు, ఎందుకంటే కొత్తగా పెట్టిన ప్రోగ్రాములూ అప్‌డేట్లూ అదే పట్టికలో, అదే తేదీ కింద నమోదవుతాయి.

నా పట్టికలో ప్రోగ్రాముల వరసలో ఎర్రని గుర్తులు దాదాపు లేవు. అవన్నీ "మిసలేనియస్ ఫెయిల్యూర్స్" అన్న వరసలో, విండోస్ సరిగా ఆపబడలేదన్న వాక్యంతో ఉన్నాయి. ఒక్కొక్కదాన్ని తెరిస్తే యంత్రం ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎన్నో నిమిషంలో ఆరిపోయిందో రాసి ఉంది. కాగితం మీద వరసగా రాసుకుంటే అన్నీ మధ్యాహ్నం 2, 3 గంటల మధ్యనే పడ్డాయి. ఆ వేళలో కరెంటు రెప్పపాటు పోయి రావడం మా వీధిలో మామూలే. ఫ్యానూ లైటూ ఇన్వర్టర్ మీద ఉండటంతో కరెంటు పోయిన సంగతి నాకు తెలిసేది కాదు, కంప్యూటరును ఆదుకోవలసిన యూపీఎస్ బ్యాటరీ మాత్రం ఎప్పుడో చచ్చిపోయి ఉంది. కొత్త బ్యాటరీ వేయించాక ఆ వరసలో మళ్ళీ గుర్తు పడలేదు, నీలపు గీత మూడు నాలుగు వారాలలో పైఅంచుకు చేరింది. ఫార్మాట్ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఇంత పనికొచ్చే సాధనం ఉన్న ఇల్లు కంట్రోల్ ప్యానెల్‌లోని "సెక్యూరిటీ అండ్ మెయింటెనెన్స్". విండోస్ 7లో దీన్ని యాక్షన్ సెంటర్ అనేవారు. అప్పుడు టాస్క్‌బార్ మీద ఒక తెల్లజెండా ఉండేది, ముఖ్యమైన కబురు ఉంటే దానిమీద ఎర్రని ఇంటూ గుర్తు పడేది. విండోస్ 10లో యాక్షన్ సెంటర్ అన్న పేరును నోటిఫికేషన్ల పెట్టెకు ఇచ్చి, జెండాను తీసేసి, అసలు దాన్ని పాత కంట్రోల్ ప్యానెల్‌లోనే వదిలేశారు. ఇప్పుడు టాస్క్‌బార్ మీద మిగిలింది రక్షణకు సంబంధించిన డాలు బొమ్మ ఒక్కటే. వైరస్ రక్షణ ఆగినప్పుడు అది గట్టిగానే చెబుతుంది, ఆ విషయంలో వంక పెట్టను. అయితే క్లౌడ్‌లో బ్యాకప్ పెట్టుకోలేదని చెప్పడానికి కనబరిచే పసుపు గుర్తుకూ నిజమైన ప్రమాదానికి వేసే గుర్తుకూ మధ్య తేడాను కొత్తవాళ్ళు పోల్చుకోవడం కష్టం, పదేపదే కనబడే గుర్తును కన్ను పట్టించుకోవడం మానేస్తుంది.

విండోస్ తన నిర్వహణ పనులను తానే చేసుకునే ఏర్పాటైన ఆటోమేటిక్ మెయింటెనెన్స్ గురించి చెప్పవలసింది కొంచెమే. దాని వేళ అర్ధరాత్రి దాటాక 2 గంటలు. రాత్రిపూట గోడ స్విచ్చి కట్టేసి పడుకునే మనబోటివాళ్ళ ఇళ్ళలో ఆ వేళకు యంత్రం మెలకువగా ఉండదు. తప్పిపోయిన పనిని తర్వాత ఎప్పుడైనా యంత్రం ఖాళీగా, కరెంటు మీద ఉన్నప్పుడు పూర్తిచేస్తుంది కనుక నష్టం లేదు. హార్డ్ డిస్క్‌ను సర్దడం, ఎస్‌ఎస్‌డీ (చిప్పులతో చేసిన డిస్క్) అయితే ఖాళీ అయిన చోట్లేవో దానికి తెలిపే ట్రిమ్ ఆదేశం పంపడం వంటివి మన చేయి పడకుండానే జరిగిపోతాయి, ఇందుకోసం డబ్బిచ్చి క్లీనర్ ప్రోగ్రాములు కొనడం దండగ.

స్టోరేజ్ సెన్స్ కూడా మంచిదే. తాత్కాలిక ఫైళ్ళను, రీసైకిల్ బిన్‌లో 30 రోజులు దాటినవాటిని అదే తీసేస్తుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డరు జోలికి తనంతట తాను పోదు గానీ, సెట్టింగులలో ఆ వరసను 1, 14, 30, 60 రోజులలో దేనికైనా మార్చితే అన్ని రోజులుగా తెరవని ఫైళ్ళు పోతాయి. వచ్చిన పీడీఎఫ్‌లన్నీ డౌన్‌లోడ్స్‌లోనే ఉంచుకునేవారు (నేనూ అందులో ఒకణ్ణి) దాన్ని "నెవర్" మీదనే ఉంచుకోవాలి.

యంత్రంలో జరిగే సంగతులను విండోస్ పద్దులుగా రాసిపెట్టే చిట్టాను చూపించే ఈవెంట్ వ్యూయర్‌ను మాత్రం అందరికీ సిఫారసు చేయలేను. బాగా నడుస్తున్న యంత్రంలో కూడా అందులో ఎర్ర, పసుపు గుర్తులు గుట్టలుగా ఉంటాయి. 10016 అన్న సంఖ్యతో వచ్చే దాన్ని పట్టించుకోనక్కరలేదని మైక్రోసాఫ్టే చెప్పింది. ఫోన్ చేసి, సపోర్టు వాళ్ళమని చెప్పుకుని, ఇదే తెరను తెరిపించి "చూశారా, ఎన్ని వైరస్‌లో" అని బెదిరించి డబ్బు గుంజే మోసగాళ్ళకు ఇది ఏళ్ళుగా ఆయుధం. మీ ఇంట్లో పెద్దవాళ్ళు కంప్యూటరు వాడుతుంటే ఈ ఒక్క విషయం ముందే చెప్పి ఉంచండి.

అయినా నేను దాన్ని వదులుకోకపోవడానికి ఒక కారణం ఉంది. హార్డ్ డిస్క్‌లో చెడిపోయిన చోటు తగిలినప్పుడు "డిస్క్" అన్న పేరు కింద 7 అన్న సంఖ్యతో ఒక పద్దు అందులో పడుతుంది. విండోస్ 11లో ఎన్‌వీఎంఈ అనే వేగవంతమైన రకం ఎస్‌ఎస్‌డీల ఆయువు ఎంత మిగిలిందో సెట్టింగులలో చూపించే ఏర్పాటు ఉంది గానీ, పాత హార్డ్ డిస్క్‌లకు ఆ భాగ్యం లేదు. ఏదైనా పద్దు మీద కుడి క్లిక్ చేస్తే దానికొక పనిని తగిలించే వీలుంది. తెరమీద సందేశం చూపించే ఎంపిక విండోస్ 8 నుంచి పనిచేయదు, జాబితాలో పేరు మాత్రం ఉంది. ప్రోగ్రామ్‌ను నడిపించే ఎంపిక పనిచేస్తుంది కనుక, డిస్క్ 7 పడగానే నోట్‌ప్యాడ్‌లో ఒక ఫైలు తెరుచుకునేలా పెట్టుకున్నాను. అందులో "ముందు ఫైళ్ళు కాపీ చేసుకో" అని ఒక్క వాక్యమే రాశాను.

సంక్రాంతి వెళ్ళిన వారం, ఒక నవల మూడో అధ్యాయం సరిచూస్తుండగా ఆ ఫైలు తెరుచుకుంది. చేతిలో పని ఆపి, మధ్యాహ్న భోజనానికి లేచేలోపు అన్నీ బయటి డిస్క్‌లోకి ఎక్కించాను. పాత డిస్క్ ఇంకో పన్నెండు రోజులు నడిచింది.