భూటాన్ ఉత్సవాల్లో ఏది మేలు: పారో ఛేచునా, బుమ్తాంగ్ లోయలా?

భూటాన్ వెళ్లబోయే తెలుగువారు అనుమతులు, హోటళ్లు, చలిబట్టల సంగతి ఇప్పుడు తామే తెలుసుకుంటున్నారు. వాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడుగుతున్నది ఒక్కటే: ఒకే ఒక ఉత్సవం చూసే వీలుంటే వసంతంలో పారో ఛేచుకు, అంటే అక్కడ మాస్కు నాట్యాలతో ఏటా జరిగే మతోత్సవానికి, వెళ్లడం మేలా, లేక శరదృతువులో ఇంకా తూర్పుకు, బుమ్తాంగ్ లోయల దాకా వెళ్లడం మేలా? ఈ రెండింటిలో దేన్ని ఎంచుకున్నామన్నదాన్ని బట్టి వెళ్లే నెల మారుతుంది, ఖర్చు మారుతుంది, అసలు ప్రయాణం తీరే మారిపోతుంది. రెండూ చూసినవాడిగా నా మొగ్గు ఎటో దాచుకోను గానీ, పారోకు దక్కవలసిన గౌరవం దక్కించిన తర్వాతే ఆ మాట చెబుతాను.

చాలామంది నాట్యాలను బట్టి ఎంచుకోవాలని చూస్తారు. ఏ ఉత్సవంలో ఏ మాస్కు నాట్యం ఉంటుందో పట్టికలు పక్కపక్కన పెట్టుకుని సరిపోల్చుకుంటారు. దానివల్ల పెద్దగా ప్రయోజనం లేదు, ఎందుకంటే ముఖ్యమైన నాట్యాలు దేశమంతటా దాదాపు ఒక్కటే. వెడల్పాటి అంచుల నల్లటోపీలతో ఆడే షానగ్ నాట్యం రెండు చోట్లా ఉంటుంది. తూర్పు భూటాన్‌లోని ద్రామెత్సే ఆరామంలో 16వ శతాబ్దంలో పుట్టి, యునెస్కో గుర్తింపు పొందిన డోళ్ల నాట్యం కూడా దేశంలో అనేకచోట్ల ఆడతారు. మరణించినవారికి తీర్పు చెప్పే రక్షా మాంగ్‌చామ్‌లోనైతే సాక్షాత్తు యమధర్మరాజే కొలువుతీరుతాడు. ఆయన పక్కన ఎద్దు తల ఉన్న మంత్రి, పాపాలు ఏకరువు పెట్టే నల్లటి దయ్యం, పుణ్యాలు గుర్తుచేసే తెల్లటి దేవత, ఎదురుగా నల్లబట్టలు వేసుకుని వణికిపోయే పాపి. తెలుగువారికి ఈ కథను ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

పారో ఛేచు భూటాన్ చాంద్రమానం ప్రకారం రెండో నెలలో ఏకాదశి నుంచి పౌర్ణమి వరకు ఐదు రోజులు జరుగుతుంది. మన క్యాలెండర్‌లో అది సాధారణంగా మార్చిలోనో ఏప్రిల్‌లోనో వస్తుంది. తొలిరోజు నాట్యాలు రిన్‌పుంగ్ జోంగ్ కోట లోపల, తర్వాతివి కోట వెలుపల రాతిపలకలు పరచిన విశాలమైన ఆవరణలో ఉంటాయి. పారోకు అసలు బలం చివరి రోజు. తెల్లవారకముందే, ఇంకా చీకటి ఉండగానే, భూటాన్‌కు వజ్రయాన బౌద్ధాన్ని తెచ్చాడని కొలిచే గురు పద్మసంభవుని మహాపటం థోంగ్‌డ్రోల్‌ను ఆ ఆవరణలోని ఎత్తయిన భవనం ముందు దించుతారు. రంగురంగుల పట్టుగుడ్డలను ఏర్చికూర్చి కుట్టిన ఆ పటం భవనం ముఖభాగాన్నంతా కప్పేస్తుంది. నడుమ గురువు, చుట్టూ ఆయన అష్టరూపాలు. దాన్ని దర్శించినంతనే పాపాలు పోతాయని అక్కడివారి నమ్మకం. మన ఊళ్లలో వైకుంఠ ఏకాదశినాడు ఉత్తరద్వార దర్శనానికి వేకువనే బారులు తీరినట్టు, లోయలోని ముసలివాళ్లు, చంటిపిల్లల తల్లులు చలిలో వరుసగా వచ్చి పటం అంచుకు నుదురు తాకించి వెళ్తారు. సూర్యకిరణాలు సోకకముందే పటాన్ని చుట్టి లోపలికి తీసుకుపోతారు. ఇంత నిండుగా, ఇంత పెద్ద ఎత్తున జరిగే దర్శనం గ్రామాల్లో దొరకదు. దీన్ని చూడడమే కోరిక అయినవారు ఇక వెనకా ముందూ ఆలోచించకుండా పారోకే వెళ్లాలి.

పారోకు సౌకర్యం కూడా తోడు. విమానాశ్రయం ఆ లోయలోనే ఉంది. కోట పైన పాత కావలి బురుజు దగ్గర జాతీయ మ్యూజియం ఉంది. తక్త్సాంగ్ ఆరామం ఎక్కే కొండ దగ్గరే. మోకాళ్ల నొప్పులున్న తల్లిదండ్రులను వెంటబెట్టుకుని వెళ్లేవారికి ఇవి చిన్న విషయాలు కావు. అయితే వసంతంలో దేశానికి వచ్చే బృందాల్లో చాలావాటి కార్యక్రమం ఈ ఐదు రోజుల చుట్టూనే అల్లుకుని ఉంటుంది. స్థానికులు పొద్దున్నే కుటుంబాలతో వచ్చి చాపలు పరచుకుని కూర్చుంటారు, వాళ్ల వెనక బయటివాళ్లు కెమెరాలతో నిలబడతారు, ఆ రెండు గుంపుల మధ్య మాటామంతీ సాగడానికి వీలు తక్కువ.

ఇక్కడే నా దృష్టిలో తేల్చవలసిన విషయం ఉంది. ఉత్సవం ఎవరి చేతుల మీదుగా నడుస్తోంది, అందులో అతిథికి దొరికే చోటు ఎలాంటిది అన్నదాన్నే నేను అన్నిటికన్నా ముందు చూస్తాను. పారోలో ఉత్సవం కోటది. భిక్షు సంఘం, జిల్లా యంత్రాంగం కలిసి దాన్ని నడుపుతాయి. ఆ క్రమశిక్షణ, ఆ దర్జా అక్కడినుంచే వచ్చాయి. బుమ్తాంగ్‌లోని చిన్న ఆలయాల దగ్గర ఉత్సవం ఊరిది. నాట్యం చేసేవారిలో ఎక్కువమంది గృహస్థులు, సంసారంలో ఉంటూనే దీక్ష పాటించే గోమ్‌చెన్‌లు. పండగ ఖర్చూ, వచ్చినవారి భోజనాలూ ఊళ్లోని ఇళ్లవాళ్లే పంచుకుంటారు. నిన్న పొలంలో పనిచేస్తూ కనిపించిన మనిషి ఇవాళ జింక తలతో గిరికీలు కొడుతుంటాడు.

చుమే లోయలోని ప్రాఖర్ గ్రామంలో జరిగే ఉత్సవాన్ని ఇందుకు ఉదాహరణగా చెబుతాను. రోడ్డు దగ్గర వాహనం దిగి పొలాల మీదుగా నడిచి ఊళ్లోకి వెళ్లాలి. ఆలయం ముందున్న ముంగిలి చిన్నది. కూర్చుంటే నర్తకుల బట్టల అంచులు మోకాళ్లకు తగులుతాయేమో అన్నంత దగ్గర. దూరం నుంచి చూస్తే తెలియని విషయాలు ఇక్కడ తెలుస్తాయి. కొయ్యతో చెక్కిన ఆ మాస్కులు తలకన్నా పెద్దవి, బరువైనవి. ఒరుసుకోకుండా ఉండడానికి నర్తకులు ముందుగా తలకూ గడ్డానికీ గుడ్డపట్టీలు చుట్టుకుంటారు. మాస్కు కళ్లలోంచి కాక చాలావరకు దాని నోటి సందులోంచి చూస్తూ ఆడతారు, అందుకే తల కొద్దిగా పైకెత్తి ఉంటుంది. ఎర్ర ముఖం, పొడవాటి ముక్కు ఉన్న హాస్యగాడు అట్సరా జనాన్ని నవ్విస్తూ తిరుగుతున్నట్టే ఉంటాడు గానీ, ఎవరి నడికట్టు జారినా, ఎవరి మాస్కు తాడు వదులైనా ముందుగా గమనించేది అతనే. నాట్యం ఆగకుండానే వెళ్లి ముడి బిగించి వస్తాడు. ఆ పాత్ర ఎందుకుందో నాకు పూర్తిగా అర్థమైంది అంత దగ్గరగా కూర్చున్నప్పుడే.

విరామంలో పక్కన కూర్చున్నవారు వెన్న, ఉప్పు వేసి చిలికిన సుజా టీ మన కప్పులోనూ పోస్తారు. ఆ లోయల్లో బక్వీట్ ఎక్కువగా పండుతుంది, దాని పిండితో చేసే ఖులే అనే అట్టు ఎర్రమిరపకాయల ముద్దతో పెడతారు. కారం విషయంలో తెలుగువారికి అక్కడ ఏ ఇబ్బందీ ఉండదు. తీరిగ్గా ఉన్న భిక్షువులు కనిపిస్తే అమరావతి మాట ఎత్తండి. కాలచక్ర తంత్రాన్ని బుద్ధుడు ధాన్యకటకంలో బోధించాడని వజ్రయాన సంప్రదాయం చెబుతుంది, 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర నిర్వహించిందీ ఆ కారణంగానే. శాస్త్రం చదువుకున్నవారికి ఆ స్థలం పల్దెన్ డ్రెపుంగ్ అన్న పేరుతో తెలుసు. పారో రద్దీలో ఇలాంటి సంభాషణకు తీరిక ఎక్కడ దొరుకుతుంది?

బుమ్తాంగ్ అనగానే అందరూ అడిగేది జాంబే లాఖాంగ్ ద్రుప్, అంటే జాంబే ఆలయ ఉత్సవం గురించి. తొమ్మిదో నెల పౌర్ణమికి, అంటే అక్టోబరు, నవంబరు ప్రాంతంలో, అది మొదలవుతుంది. అక్కడ మండుతున్న తోరణం కింద నుంచి జనం పరుగెత్తే మేవాంగ్ అనే అగ్ని ఆశీర్వాదం తప్పక చూడదగ్గది. అర్ధరాత్రి దిగంబరంగా ఆడే తెర్‌చామ్ మాటకొస్తే, బయటివారి ఆసక్తి అంతా దానిమీదే ఉండడం నాకు నచ్చదు. ఫొటోలు నిషిద్ధమని తెలిసి కూడా ఫోన్లు తీసేవారివల్ల ఊరివాళ్లు నొచ్చుకుంటున్నారు. ఈ ఉత్సవానికి పర్యాటకులు బాగా పెరిగారు కాబట్టి, దీనికోసమే అంత దూరం వెళ్తే పారోలో వద్దనుకున్న రద్దీ ఇక్కడా ఎదురవుతుంది. అదృష్టవశాత్తు ప్రాఖర్ ఉత్సవం కూడా దాదాపు అవే రోజుల్లో వస్తుంది. సాయంత్రం జాంబేలో మేవాంగ్ చూసి, పగళ్లు ప్రాఖర్‌లో గడపాలన్నది నా సలహా. రెండింటి మధ్య కారులో గంట ప్రయాణం.

ఉత్సవం లేని గంటల్లోనూ బుమ్తాంగ్ ఇచ్చేది ఎక్కువ. గుప్తనిధులు, అంటే పూర్వగురువులు దాచి ఉంచారని నమ్మే గ్రంథాలు, పవిత్రవస్తువులు వెలికితీసిన పెమా లింగ్పా (1450–1521) పుట్టింది ఇక్కడి తాంగ్ లోయలోనే. వెలుగుతున్న దీపం పట్టుకుని ఆయన నీళ్లలోకి దూకి, దీపం ఆరకుండానే నిధితో పైకి వచ్చాడని చెప్పే మేబర్ ఛో (మండే సరస్సు) ఇక్కడే ఉంది. చూడడానికి అది సరస్సు కాదు, ఇరుకైన రాతి కనుమలో మలుపు తిరిగే ఏరు. 1505 నాటికి ఆయన పూర్తిచేసిన తాంషింగ్ ఆలయంలో పాత గోడచిత్రాలు మిగిలి ఉన్నాయి. కమ్మరిపని తెలిసిన ఆయన తన చేత్తో చేశాడని చెప్పే ఇనుప గొలుసుల కవచం కూడా అక్కడ ఉంది; దాన్ని భుజాల మీద మోస్తూ గర్భగుడి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేస్తారు. మూడో చుట్టుకు భుజాలు లాగేస్తాయి, అయినా ముసలమ్మలు సైతం వంతుకోసం నిలబడతారు. పారోతో సహా అన్ని చోట్లా ఆడే పేలింగ్ గింగ్ సుమ్, అంటే కర్ర, కత్తి, డోలు పట్టుకుని ఆడే మూడు నాట్యాల వరుస, ఆయనకు దర్శనంలో కలిగినదేనని సంప్రదాయం. కోటల ఉత్సవాల్లో కనిపించే వాటిలో చాలా భాగానికి మూలం ఈ లోయల్లో ఉందన్నది నా ఎంపికకు మరో కారణం.

ఇక ఖర్చు, శ్రమ. థింఫు నుంచి బుమ్తాంగ్‌లోని ముఖ్యపట్టణం జకార్‌కు 260 కిలోమీటర్లకు పైగా కొండదారి. దోచులా, పేలే లా, యోటాంగ్ లా కనుమలు దాటాలి. ఒక్కరోజులో చేరడం సాధ్యమే గానీ, మలుపులకు కడుపులో తిప్పేవారు అలా చేయకూడదు. వెళ్లేటప్పుడు పునాఖాలోనో ఫోబ్జిఖాలోనో ఒక రాత్రి ఆగి, మర్నాడు త్రోంగ్సా జోంగ్ చూసుకుంటూ వెళ్లడం మేలు. జకార్ దగ్గర చిన్న విమానాశ్రయం ఉంది, కానీ మబ్బు పడితే విమానం రాదు. పారోతో పోలిస్తే కనీసం నాలుగు రాత్రులు అదనంగా పడతాయి. భారతీయుల నుంచి భూటాన్ వసూలు చేసే సుస్థిరాభివృద్ధి రుసుము తలకు రాత్రికి 1,200 రూపాయలు కాబట్టి, నలుగురు పెద్దవాళ్లకు ఆ రుసుమే 19,200 రూపాయలు పెరుగుతుంది. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు సగం. థింఫు, పారో దాటితే గైడు తప్పనిసరి, ఆ ఖర్చూ కలుపుకోవాలి. అమెరికా పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు రుసుము రాత్రికి 100 డాలర్లు (ఈ రేటు 2027 ఆగస్టు వరకు), కాబట్టి అలాంటి కుటుంబానికి బుమ్తాంగ్ నిజంగానే భారమవుతుంది. భారత పాస్‌పోర్టే ఉన్నవారు ఎక్కడ స్థిరపడినా వారికి 1,200 రూపాయలే.

మిగతావాటి గురించి రెండు మాటలు చాలు. థింఫు ఛేచు ఘనమైనదే గానీ రాజధాని రద్దీ దాన్ని మింగేస్తుంది. ఫిబ్రవరి, మార్చిల్లో వచ్చే పునాఖా ద్రుప్‌ఛెన్‌లో 17వ శతాబ్దపు టిబెట్ యుద్ధాన్ని పజప్ సైనికుల వేషాల్లో మళ్లీ చూపిస్తారు. చలి తక్కువ కావాలనుకునేవారికి అది మంచి ఎంపిక. డిసెంబరు 13న దోచులాలో జరిగేది సైన్యం నడిపే కొత్త ఉత్సవం, మంచుకొండల నేపథ్యం దాని ఆకర్షణ. నవంబరు 11న ఫోబ్జిఖాలో జరిగే కొంగల పండగ పిల్లలకు నచ్చుతుంది.

డెబ్బై దాటిన పెద్దలో, ఐదారు రోజుల సెలవు మాత్రమే దొరికే ఉద్యోగులో అయితే పారోకు వెళ్లండి, పౌర్ణమి వేకువ ఆ పటాన్ని దర్శించుకోండి. దానికి సాటి లేదు. ఎనిమిది తొమ్మిది రాత్రులు వెచ్చించగలిగినవారంతా బుమ్తాంగ్‌కే వెళ్లాలని నా గట్టి అభిప్రాయం. సికింద్రాబాద్ నుంచో విజయవాడ నుంచో హౌరా చేరి, సియాల్దాలో కాంచన్ కన్యా ఎక్స్‌ప్రెస్ ఎక్కి హాసీమారాలో దిగేవారు ఫుంట్‌షోలింగ్ దగ్గర సరిహద్దు దాటి ముందు తూర్పుకు సాగి, తిరుగు ప్రయాణంలో పారో పెట్టుకోవాలి. జాంబే ఆలయాన్నీ పారోలోని కీచు ఆలయాన్నీ 7వ శతాబ్దంలో ఒకే రోజున కట్టించాడని చెప్పేది టిబెట్ రాజు సోంగ్‌త్సెన్ గాంపోనే. మొదట జాంబేను చూసి కీచుకు వెళ్తే ఆ సంబంధం కళ్లముందు నిలుస్తుంది. ఛేచు తేదీలు తిథుల మీద ఆధారపడతాయి కాబట్టి ఏటా మారుతాయి, గ్రామ ఉత్సవాలైతే ప్రకటించాక కూడా ఒకటి రెండు రోజులు అటూ ఇటూ మారవచ్చు. టికెట్లు కొనేముందు ఆ ఏటి పట్టికను గైడు ద్వారా ఊళ్లోనే అడిగి సరిచూసుకుని, ముందు ఒక రోజు, వెనక ఒక రోజు కలుపుకుని జకార్‌లో గది తీసుకోండి.