మా యూనివర్సిటీ భవనంలో చెత్త వేరుచేసే ఏర్పాటు: ఐదుకు నాలుగు

తిరుపతిలో ఒక యూనివర్సిటీ భవనంలో, మొదటి అంతస్తు కార్యాలయంలో పనిచేస్తాను. పోయిన విద్యా సంవత్సరం నుంచి మా దగ్గర చెత్తను వేరుచేసి పంపే ఏర్పాటు నడుస్తోంది. తమ కళాశాలలోనూ ఇలాంటిది పెట్టాలనుకునేవారికి పనికొస్తుందని, మంచీ చెడూ ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

గదుల్లోని చిన్న బుట్టలన్నీ తీసేశారు. ప్రతి అంతస్తులో మెట్ల దగ్గర తడి చెత్తకు ఆకుపచ్చ డబ్బా, పొడి చెత్తకు నీలం డబ్బా, కాగితాలకు విడిగా మూత ఉన్న పెట్టె పెట్టారు. మొదట్లో అధ్యాపకుల నుంచి విద్యార్థుల దాకా అందరూ సణిగారు. నా దృష్టిలో మాత్రం ఈ పని నిలబడిందంటే బుట్టలు తీసేయడం వల్లే. బల్ల పక్కనే బుట్ట ఉంటే అరటి తొక్కా, పాత సర్క్యులరూ, అయిపోయిన రీఫిల్లూ కలిసే పడతాయి. నాలుగడుగులు నడవాల్సి వస్తే చేతిలో ఏముందో మనిషి ఒకసారి చూసుకుంటాడు.

నాకు అన్నిటికంటే నచ్చింది డబ్బాల పక్కనున్న మామూలు బకెట్టు, దాని మీది జల్లెడ. మిగిలిన టీ, నీళ్లు, సాంబారు అందులో పారబోయాలి. దాన్ని అడిగి పెట్టించింది మా అంతస్తు ఊడ్చే ఆమె. "సార్, కప్పులో గుక్కెడు టీ మిగిలినా సంచిలో కాగితాలన్నీ నానిపోతాయి. తడిసినవి పాత పేపర్లాయన తీసుకోడు" అని సూపరింటెండెంటు గారికి చెప్పింది. రోజూ ఆ చెత్తను చేత్తో ఎత్తే మనిషి మాట ఆయన విన్నారు. ఇప్పుడు కాగితాల పెట్టె మూత తీస్తే లోపల అంతా పొడిగా ఉంటుంది: జిరాక్సులు, పాత దరఖాస్తులు, కవర్లు, మడిచిన అట్టపెట్టెలు. ఒకవైపు ఖాళీగా ఉన్నవి ముందే ఏరి, కుట్టి, చిత్తు పుస్తకాలుగా వాడుకుంటున్నాం. మిగిలినవి శనివారం తూకానికి వెళ్తాయి.

క్యాంటీన్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించిన వస్తువుల్లో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, గ్లాసులు, పళ్లేలు, స్పూన్లు, స్ట్రాలు ఉన్నాయి. దాంతో అందరూ కాగితపు కప్పులకు మారారు. కాగితమే కదా అని వాటిని కాగితాల పెట్టెలో వేసేవారు. ఆ కప్పు లోపల పాలిథిలిన్ పూత ఉంటుంది. మామూలు మిల్లులో అది గుజ్జు నుంచి సులువుగా విడిపోదు. అందుకే వ్యాపారి వాటిని ముట్టుకోడు. చివరికి క్యాంటీన్ నడిపే ఆయన స్టీలు గ్లాసులు తెచ్చి, వేడినీళ్లతో కడిగించడం మొదలుపెట్టారు. టీ ధర పెంచలేదు. కొండ మీద తాగునీళ్లు గాజు సీసాల్లో అమ్ముతున్నప్పుడు, కింద మనం స్టీలు గ్లాసులో టీ తాగడం కష్టమేమీ కాదు.

క్యాంటీన్ తొక్కలు, ఆవరణలో రాలిన వేప, కానుగ ఆకులు కలిపి వెనకాల ఇటుకల తొట్లలో ఎరువు చేస్తున్నారు. తడి చెత్త కంటే ఎండుటాకులు ఎక్కువ పడితే వాసన రాదు. ఈశాన్య రుతుపవనాల వానల్లో మాత్రం తొట్లు నీళ్లతో నిండి, గాలి ఆడక కంపు కొట్టాయి. ఆ తర్వాత పైన రేకులు వేశారు. ఆ పని ముందే చేయాల్సింది.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, పాడైన కీబోర్డులు, యూపీఎస్ బ్యాటరీలు, టోనర్ డబ్బాలు ఇప్పటికీ మెట్ల కింది గదిలోనే పోగుపడి ఉన్నాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం పెద్ద సంస్థలు కీబోర్డులు, టోనర్ డబ్బాల వంటివాటిని రిజిస్టరైన ఉత్పత్తిదారులకో, బాగుచేసేవారికో, రీసైక్లర్లకో మాత్రమే అప్పగించాలి; బ్యాటరీలకు వేరే నిబంధనలున్నాయి. ఇంకొకటి, పరిశోధన గ్రంథాలు. ఎలక్ట్రానిక్ ప్రతి శోధ్‌గంగ అనే ఆన్‌లైన్ పరిశోధన గ్రంథాల భాండాగారంలోకి ఎలాగూ చేరుతుంది. అయినా ఒకవైపే అచ్చువేసిన లావుపాటి ప్రతులు ఒక్కొక్కరి దగ్గర నాలుగైదు అడుగుతున్నారు. రెండు వైపులా అచ్చువేయమని ఒక్క ఉత్తర్వు ఇస్తే కాగితం దాదాపు సగం మిగులుతుంది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది చేతి తొడుగుల విషయం. ఊడ్చే ఆమెకు ఇచ్చినవి చిరిగిపోతే కొత్తవి రావడానికి వారాలు పడుతోంది. ఈలోగా ఆమె చేతికి ప్లాస్టిక్ కవరు చుట్టుకుని డబ్బాలు ఖాళీ చేస్తోంది. కాగితాలు అమ్మిన డబ్బు శాఖ ఖాతాలోనే ఉంది. ముందుగా దానితో తొడుగులు, బూట్లు కొనాలని కోరుతూ అర్జీ రాసిచ్చాను. మా గదిలో అందరూ దాని మీద సంతకం పెట్టారు.