పొట్ట తగ్గించే ఆపరేషన్లు: ఊపిరికి ఏది మేలు?

రెండు కాన్పులయ్యాక వేలాడే పొట్టకు మన కోనసీమ, భీమవరం వైపు ఇప్పుడు మూడు పేర్లు వినిపిస్తున్నాయి: ఫుల్ టమ్మీ టక్, మినీ టమ్మీ టక్, లైపోసక్షన్ (గొట్టంతో కొవ్వు పీల్చేయడం). మచ్చ ఎంత పడుతుంది, ఖర్చెంత అని అందరూ అడుగుతారు. ఊపిరి సంగతి అడిగేవాళ్లు తక్కువ. నిజానికి ఈ మూడింటికీ అసలు తేడా అక్కడే ఉంది.

ఫుల్ టమ్మీ టక్‌లో వదులు చర్మం, కొవ్వు తీసేయడం వల్ల ఊపిరికి పెద్దగా ఇబ్బంది లేదు. ఇబ్బందల్లా ఆ తర్వాత వేసే కుట్టుతో. కడుపుతో ఉన్నప్పుడు పొట్ట మధ్య కండరాలు రెండూ పక్కలకు జరిగిపోతాయి. రొమ్ము ఎముక కింది నుంచి పొత్తికడుపు దాకా వాటిని దగ్గరకు లాగి కుడతారు. దాంతో లోపలి చోటు తగ్గుతుంది, పేగులు మాత్రం అంతే ఉంటాయి. లోపలి ఒత్తిడి పెరిగి, ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే ఊపిరి కండరమైన డయాఫ్రమ్‌ను పైకి నెడుతుంది, ఊపిరితిత్తుల అడుగుభాగం పూర్తిగా విచ్చుకోదు. పెద్దవాళ్లలో ఈ ఒత్తిడి మామూలుగా 5 నుంచి 7 మిల్లీమీటర్ల పాదరసం. 12 దాటి నిలకడగా ఉంటే ఎక్కువైనట్టే. దీనికి నొప్పి తోడైతే మనిషి పైపైనే ఊపిరి తీస్తాడు, దగ్గు ఆపుకుంటాడు. కఫం అడుగున పేరుకుని చిన్న గాలితిత్తులు మూసుకుపోతాయి, న్యుమోనియాకు దారి పడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవారికి మొదటి రోజుల్లో తగ్గిన ఊపిరి సామర్థ్యం కొన్ని వారాల్లో చాలావరకు తిరిగి వస్తుంది. కుట్లు బిగించేటప్పుడు వెంటిలేటర్ మీద ఒత్తిడి ఎంత పెరుగుతోందో మత్తు డాక్టరు చూస్తూ ఉండాలి. మితిమీరితే సర్జన్ కుట్టు వదులు చేయాలి. ఈ పని చేస్తారా అని ముందే అడగండి, మొహమాటపడొద్దు.

మినీలో బొడ్డు కింది చర్మమే తీస్తారు. కుట్టు వేసినా కిందివరకే, కాబట్టి ఊపిరి మీద భారం తక్కువ. కానీ బొడ్డుకు పైభాగంలో కూడా చర్మం వదులుగా ఉంటే దీనితో పని జరగదు.

లైపోసక్షన్‌లో కండరాన్ని బిగించరు గనుక డయాఫ్రమ్ జోలికి పోదు. అలాగని ప్రమాదం లేనిదేమీ కాదు. కొవ్వు బిందువులు రక్తంలో చేరి ఊపిరితిత్తుల్లో అడ్డుపడవచ్చు. ఎక్కించిన ద్రవం ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. 5 లీటర్లు దాటి తీస్తే ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉండాలి. పైగా అది చర్మం కింది కొవ్వునే తీస్తుంది, పేగుల చుట్టూ ఉన్నదాన్ని తీయలేదు.

వెల్లకిలా పడుకున్నా పొట్ట బిగుతుగా పైకే నిలిచి ఉందంటే కొవ్వు చాలావరకు లోపలే ఉన్నట్టు. మన మగవాళ్ల పొట్టల్లో చాలా భాగం ఇదే రకం. ఇలాంటివారికి కండరం బిగిస్తే ఒత్తిడి అందరికంటే ఎక్కువ పెరుగుతుంది. ముందు బరువు తగ్గడమే వీళ్లకు మేలు, దానితో ఊపిరి కూడా తేలికపడుతుంది.

రైస్ మిల్లు దుమ్ములోనో కొబ్బరి పీచు పనిలోనో ఏళ్లుగా ఉన్నవారు, కట్టెల పొయ్యి పొగ పీల్చినవారు, ఆస్తమా ఉన్నవారు ముందుగా స్పైరోమెట్రీ (ఊపిరి సామర్థ్యం కొలిచే పరీక్ష) చేయించుకోవాలి. చుట్ట, బీడీ, సిగరెట్ కనీసం 4 వారాల ముందు నుంచీ, ఆ తర్వాత మరో 4 వారాలూ మానాలి. లేకపోతే కుట్టు అంచుల చర్మం కూడా నల్లబడి చచ్చిపోవచ్చు. గట్టిగా గురక పెడుతూ పగలు కునికే అలవాటుంటే దాచకుండా చెప్పాలి.

అన్నిటికంటే భయపడాల్సింది కాలి సిరలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం. ఈ ముప్పు ఫుల్ టమ్మీ టక్‌లో ఎక్కువ. దానితోపాటే గర్భసంచి తీయించుకుంటే ఇంకా పెరుగుతుంది. గర్భం రాకుండా మాత్రలు వేసుకుంటుంటే డాక్టరుకు చెప్పండి. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించుకుని నాలుగో రోజే రాత్రి బస్సులో కాళ్లు వేలాడేసుకుని అమలాపురం రావడం మంచిది కాదు. రాజమహేంద్రవరం, కాకినాడల్లో మంచి సర్జన్, ఐసీయూ దొరికితే అక్కడే మేలు. ఒక పిక్క వాచినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఛాతీలో పొడిచినట్టున్నా గ్యాస్ అనుకోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇంటికొచ్చాక తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తుగా, మోకాళ్ల కింద దిండుతో పడుకోవాలి. దగ్గేటప్పుడు దిండును పొట్టకు అదుముకోవాలి. మెలకువగా ఉన్నంతసేపూ గంటకు 10 సార్లు, ఊపిరి వ్యాయామానికి వాడే మూడు బంతుల స్పైరోమీటర్‌తో నిదానంగా గాలి లోపలికి పీల్చి, 3 నుంచి 5 సెకన్లు నిలపాలి. డాక్టరు ఒప్పుకుంటే మొదటి సాయంత్రమే, నడుం కొంచెం వంచైనా సరే, నడవాలి. ఆపరేషన్ తర్వాత పొట్టకు కట్టే బెల్టు లోపలికి రెండు వేళ్లు దూరాలి. బాలింతకు కట్టినట్టు దానిమీద పాత చీర బిగించి కడతామని పెద్దవాళ్లు అంటే ఒప్పుకోవద్దు, ఊపిరి మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. తిండి కొంచెం కొంచెంగా తినాలి, మలబద్ధకం రానీయకూడదు.

ఊపిరితిత్తులు బాగుండి, బరువు నిలకడగా ఉండి, ఇక పిల్లలు వద్దనుకుని, కండరాల మధ్య సందు బాగా ఉన్నవారికి ఫుల్ టమ్మీ టక్ సరైనదే. ఆయాసం జబ్బున్నవారు దాన్ని అడగకపోవడమే మంచిది. చర్మం వేలాడి మడతల్లో పుండ్లు పడుతుంటే, కండరం బిగించకుండా చర్మం మాత్రమే తీసే ఆపరేషన్ ఉంది, దాని గురించి సర్జన్‌తో మాట్లాడండి. చర్మం పెద్దగా వదులవ్వక, సందు మాత్రమే ఉంటే ముందు ఫిజియోథెరపిస్టు దగ్గర కొన్ని నెలలు వ్యాయామం చేసి చూడండి.