నీటిలో నిలుస్తాయని రాసి అమ్మే క్వాంటమ్ డాట్లతో జాగ్రత్త

టెస్ట్ స్ట్రిప్‌ల పనికి క్వాంటమ్ డాట్లు (యూవీ వెలుతురు పడితే రంగుగా వెలిగే, కొద్ది నానోమీటర్ల సైజు కణాలు) కొనబోతున్నవారు ఆర్డర్ పెట్టే ముందు ఒకసారి ఇది చదవండి.

కిందటి నెల మా ల్యాబ్‌కు ఒక చిన్న సీసా తెప్పించాం. లోపల కాడ్మియం సెలినైడ్, పైన జింక్ సల్ఫైడ్ పొర, 620 నానోమీటర్ల దగ్గర ఎర్రటి వెలుగు. ‘నీటిలో స్థిరం’ అని లేబుల్ మీద పెద్ద అక్షరాలు. వచ్చిన రోజు యూవీ దీపం కింద పెడితే నిప్పుకణికలా వెలిగింది. సంబరపడ్డాం.

మర్నాడు యాంటీబాడీ అతికించడానికి ఫాస్ఫేట్ బఫర్ సెలైన్ అనే ఉప్పు ద్రావణంలోకి మార్చాం. సాయంత్రానికి ద్రావణం మసకబారింది. తెల్లారి చూస్తే అడుగున ఇటుక రంగు మడ్డి, పైన తేట నీరు. దీపం వేస్తే ఆ తేట నీటిలో వెలుగు జాడే లేదు.

ఫిర్యాదు చేస్తే ‘మీరు సోనికేట్ (శబ్ద తరంగాలతో కణాలను విడదీయడం) సరిగా చేయలేదేమో’ అని అమ్మినవారి జవాబు. గట్టిగా అడిగితే తేలిందేమిటంటే, డాట్లు నీటిలో కలిసేలా వేసిన పైపూత మెర్కాప్టోప్రోపియానిక్ ఆమ్లం. చవకైన పద్ధతి. ఆ అణువు ఒకే ఒక్క గంధకపు కొక్కెంతో డాట్‌ను పట్టుకుని ఉంటుంది. పలుచన చేస్తే ఊడుతుంది, వెలుతురు తగిలితే ఆక్సీకరణ చెంది జారిపోతుంది. పైగా డాట్లను ఎడంగా ఉంచేది వాటి రుణావేశమే. బఫర్‌లోని 137 మిల్లీమోలార్ ఉప్పు ఆ వికర్షణను కప్పేస్తుంది, అన్నీ ముద్దకడతాయి. వట్టి నీటిలో నిలిచినంత మాత్రాన లాభమేమిటి? రక్తంలో, మూత్రంలో ఉప్పు ఉండదా? ఈ తరహా పూతల బలహీనత పాతికేళ్లుగా తెలిసిన సంగతే. అమ్మేవారికి తెలియదంటే నేను నమ్మను.

ఇంకో మాయ సర్టిఫికెట్‌లో ఉంది. 70 శాతం క్వాంటమ్ ఈల్డ్ (పీల్చుకున్న వెలుతురులో తిరిగి వెలిగించే వాటా) అని చూసి మురిసిపోయాం. దాని కింద చీమ తలంత అక్షరాల్లో ‘టోల్యూన్‌లో’ అని ఉంది, అంటే నీటిలో కాదు, నీటితో కలవని ద్రావకంలో! నీటిలోకి మార్చాక కొలిచిన అంకె ఎక్కడా లేదు.

కాబట్టి పూత ఏమిటో ముందే రాతపూర్వకంగా అడగండి. సిలికా గానీ, పీఈజీ (పాలీఇథిలీన్ గ్లైకాల్) తోకలున్న పాలిమర్ గానీ అయితే కాస్త ఆశ ఉంది. బఫర్‌లో వారం రోజులు ఉంచాక కణాల పరిమాణం, వెలుగు ఎంతున్నాయో కొలతలు చూపమనండి. నమూనా ఇవ్వనంటే కొనకండి. ఐస్ ప్యాక్‌ల మధ్య సీసా గడ్డకట్టి వస్తే తెరవకముందే ఫొటో తీయండి, గడ్డకట్టినా ఇవి ముద్దకడతాయి.

డబ్బు తిరిగి రాలేదు. మడ్డిలో కాడ్మియం అనే విషలోహం ఉంది, సింకులో పోయడానికి లేదు. వ్యర్థాలు తీసుకెళ్లే మనిషి కోసం సీసా ఇంకా ఫ్యూమ్‌హుడ్‌లోనే (ల్యాబ్‌లో ఆవిర్లను బయటికి లాగే గూడు) ఎదురుచూస్తోంది.